ఖరగ్‌పూర్ ఛాయాచిత్రాలు – అంతర్జాల ప్రయాణం

హౌరాలో రైలెక్కి దక్షిణానికి వచ్చేవారికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ తగులుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణంలో బెంగాలీ, హిందీ, ఒడియా భాషలతో పాటు తెలుగు కూడా వీధులలో వినిపిస్తుంది. ఇందుకు కారణం రైలు మార్గమే. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగపూర్ రైల్వే 1902లో తూర్పు తీరపు మార్గంలోని ఉత్తర భాగాన్ని కూడా తన అధీనంలోకి తీసుకొన్నది. ఆ విధంగా నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెలకూ ఖరగ్‌పూర్ కర్మాగారానికీ ఒకే రైల్వే సంస్థ ద్వారా సంబంధం ఏర్పడినది. పని వెదుక్కొంటూ బయలుదేరిన కుటుంబాలు రైల్వే క్వార్టర్లలో స్థిరపడినవి. తరాలు గడచినవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి ఆమోదం తెలిపినప్పుడు ప్రముఖంగా వినిపించినది ఖరగ్‌పూర్ పేరే.

ఇటువంటి కుటుంబాల చరిత్ర గ్రంథాలకు ఎక్కేది తక్కువ. అది ఇనుప పెట్టెల అడుగున, పాత చీరల మడతల మధ్య, ఛాయాచిత్రాల రూపంలో మిగిలి ఉంటుంది. కర్మాగారంలో పదవీ విరమణ రోజున మెడలో పూలదండతో, తోటి పనివారి మధ్య కూర్చొని తీయించుకొన్న చిత్రం, పెండ్లి చిత్రాలు, రైల్వే కాలనీలలో జరిగే మాతాపూజల చిత్రాలు. ఇప్పుడు వీటికి మొబైల్ ఫోన్లతో తీసినవి వందల సంఖ్యలో తోడవుతున్నవి. మనుమలు, మనుమరాండ్రు విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో, సముద్రాల ఆవలనో ఉన్నారు. చిత్రాలను ఒక వెబ్‌సైట్‌లో ఉంచితే అందరూ చూడగలరన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. ఆ ఆలోచనకు మొదటి ఆటంకం చిత్రాల పరిమాణం.

చిత్రం లోపల ఏమున్నది?

కంప్యూటర్ దృష్టిలో ఛాయాచిత్రం అంటే చిన్న చిన్న రంగు చుక్కల పట్టిక. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. సాధారణమైన ఫోన్ కెమెరా తీసే చిత్రంలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000 పిక్సెళ్లు ఉంటాయి. రెంటినీ హెచ్చవేస్తే ఒక కోటీ ఇరవై లక్షలు. అటువంటి ఫైలు సుమారు మూడు నుంచి ఐదు మెగాబైట్ల వరకు ఉంటుంది. చూసేవారి ఫోన్ తెరమీద గాని, ఇంటి కంప్యూటర్ తెరమీద గాని అన్ని పిక్సెళ్లకు చోటు ఉండదు. తెర వాటిని కుదించి చూపుతుంది. కాని రావలసిన బరువు మాత్రం పూర్తిగా రావలసిందే. పావు బస్తా బియ్యం కావలసిన ఇంటికి లారీ నిండా బియ్యం పంపినట్లు.

ఒక కుటుంబం వద్ద 600 చిత్రాలు ఉన్నాయని, ఒక్కొక్కటి 4 మెగాబైట్లని అనుకొందాం. మొత్తం 2,400 మెగాబైట్లు. సెకనుకు రెండు మెగాబిట్ల వేగంతో పైకి పంపగల కనెక్షన్ మీద, అంటే సెకనుకు పావు మెగాబైటు చొప్పున, వాటిని పంపడానికి రెండు గంటల నలభై నిమిషాలు పడుతుంది. అవే చిత్రాలను అడ్డంగా 1,600, నిలువుగా 1,200 పిక్సెళ్లకు తగ్గిస్తే పిక్సెళ్ల సంఖ్య ఆరోవంతు కంటె కొంచెం తక్కువ అవుతుంది. కుదింపు కూడా తగిన విధంగా జరిపితే ఒక్కొక్క ఫైలు 350 కిలోబైట్ల ప్రాంతానికి దిగవచ్చు. అప్పుడు 600 చిత్రాలూ కలిపి 210 మెగాబైట్లు. పంపడానికి పట్టే కాలం పద్నాలుగు నిమిషాలు. పంపేవారికి ఇది ఒకసారి కలిగే లాభం. చూసేవారికి చూసిన ప్రతిసారీ కలిగే లాభం. నెలసరి డేటాను లెక్క చూసుకొని వాడుకొనే ఇండ్లలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. వెబ్ చిత్రానికి "అంగుళానికి 72 చుక్కలు" ఉండాలని చాలామంది నమ్ముతారు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఒక్క అంకెను మార్చి పని ముగిసినదని భావిస్తారు. ఆ అంకె కాగితం మీద ముద్రించేటప్పుడు చిత్రం ఎంత వైశాల్యం ఆక్రమించాలో తెలిపే సూచన మాత్రమే. పిక్సెళ్ల సంఖ్య మారనంత వరకు ఆ గడిలో 72 వ్రాసినా 300 వ్రాసినా వెబ్‌లో చిత్రం ఒకే విధంగా ఉంటుంది, ఫైలు బరువూ దాదాపు తగ్గదు. చూడవలసినది పొడవు, వెడల్పులలోని పిక్సెళ్ల సంఖ్యనే.

మూడు పేర్లు

పిక్సెళ్లను తగ్గించడం ఒక మెట్టు. మిగిలిన పిక్సెళ్లను తక్కువ చోటులో ఇమిడ్చి వ్రాయడం రెండవ మెట్టు. ఈ రెండవ మెట్టు వెనుక ఉన్న గణితానికి, భారతదేశానికి గల సంబంధం తెలిసినవారు తక్కువ.

బెంగుళూరులో 1940లో జన్మించిన నాసిర్ అహ్మద్ అక్కడే ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1952లో పట్టం పుచ్చుకొన్న కామిశెట్టి రామమోహనరావు కూడా అమెరికా చేరుకొన్నారు. ఇంటి పేరే ఆయన తెలుగుదనాన్ని చెబుతున్నది. ఇద్దరూ 1966లో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం నుంచే డాక్టరేట్ పొందారు. అహ్మద్ కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులైనారు. రావు టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో. చిత్రంలోని సమాచారాన్ని కొసైన్ తరంగాల మొత్తంగా వ్రాయవచ్చునన్న ఆలోచనకు సహాయం కోరుతూ అహ్మద్ 1972లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థకు దరఖాస్తు చేశారు. ధనసహాయం లభించలేదు. ఆలోచన మరీ సరళంగా ఉన్నదని అభిప్రాయపడ్డారట! ఆయన తన శిష్యుడు టి. నటరాజన్‌తోను, రావుతోను కలసి పని కొనసాగించారు. ముగ్గురి పేర్లతో ఆ పరిశోధన పత్రం 1974 జనవరిలో వెలువడినది. "డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్" అనే పేరుతో ప్రసిద్ధమైనది ఆ పద్ధతే. 1986లో ఏర్పడిన నిపుణుల సంఘం రూపొందించి, 1992లో ప్రమాణంగా వెలువడిన జెపెగ్ ఫైలుకు మూలాధారం ఇదే. రామమోహనరావు 1990లో పి. యిప్‌తో కలసి ఈ విషయం మీద గ్రంథం వెలువరించారు, 2021లో మరణించారు. భావసమైక్యతను గురించి ప్రసంగించేవారు ఈ మూడు పేర్లను ఉదాహరణగా చెప్పడం అరుదు. ఆ ప్రసంగాల చిత్రాలు మాత్రం మర్నాడు జెపెగ్ రూపంలోనే వెబ్‌సైట్లకు ఎక్కుతాయి.

పద్ధతిని స్థూలంగా ఇలా వివరించవచ్చు. మానవ నేత్రం వెలుగు నీడల తేడాను గుర్తించినంత చురుకుగా రంగుల తేడాను గుర్తించలేదు. కాబట్టి జెపెగ్ పద్ధతి ముందుగా కాంతిని, రంగును విడదీస్తుంది. రంగుకు సంబంధించిన సమాచారాన్ని సాధారణంగా నాలుగోవంతుకు తగ్గిస్తుంది. ఆ పిదప చిత్రాన్ని ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు గల గళ్లుగా విభజిస్తుంది. ఒక్కొక్క గడిలోని 64 విలువలను 64 తరంగాల పాళ్లుగా మార్చి వ్రాస్తుంది. ఆకాశం, గోడ, తెల్లని పంచె వంటి నున్నని భాగాలకు నిదానమైన తరంగాలు కొన్ని చాలు. తల వెంట్రుకలు, చీర అంచులోని నేత, చెట్టు ఆకులు వంటి సూక్ష్మ వివరాలకు వేగమైన తరంగాలు కావాలి. కన్ను అంతగా పట్టించుకోని ఆ వేగమైన తరంగాలను ముతకగా గుండ్రం చేయడమో, పూర్తిగా వదలివేయడమో జరుగుతుంది. "నాణ్యత" అనే పేరుతో సాఫ్ట్‌వేర్ అడిగే అంకె ఈ వదలివేత ఎంత ఉండాలో నిర్ణయిస్తుంది. అంకె 75 నుంచి 85 వరకు ఉంటే సాధారణ చిత్రాలలో తేడా కంటికి ఆనదు. 50కి దిగితే ముఖాల అంచుల వద్ద గళ్లు గళ్లుగా మచ్చలు కనబడడం మొదలవుతుంది. 100 వద్ద ఉంచడం వలన బరువు పెరగడమే తప్ప చూపులో లాభం కనబడదు.

ఒకసారి వదలివేసినది తిరిగి రాదు. ఈ మాటను గుర్తుంచుకొని తక్కిన విషయాలలోకి పోవలసి ఉన్నది.

ఒకే ఆజ్ఞ, వందల చిత్రాలు

ఆరు వందల చిత్రాలను ఒక్కొక్కటిగా తెరచి, కుదించి, భద్రపరచి, మూయడం మనిషి ఓర్పుకు మించిన పని. చిత్రానికి రెండు నిమిషాలు పట్టినా ఇరవై గంటలు అవుతుంది. అందుకే ఒకే ఆజ్ఞతో మొత్తం ఫోల్డర్‌ను మార్చే సౌకర్యాన్ని సాఫ్ట్‌వేర్ రచయితలు కల్పించారు; దీనినే బ్యాచ్ పద్ధతి అంటారు. బోస్నియాలో జన్మించిన ఇర్ఫాన్ స్కిల్యాన్ 1996లో విడుదల చేసిన ఇర్ఫాన్‌వ్యూ విండోస్ కంప్యూటర్లలో పనిచేస్తుంది. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది. సొంత వాడుకకు ఈ రెండూ ఉచితమే. డిజికామ్, డార్క్‌టేబుల్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు. ఫొటోషాప్, లైట్‌రూమ్ మూల్యం చెల్లించి వాడవలసినవి. 1990 నుంచి వాడుకలో ఉన్న ఇమేజ్‌మ్యాజిక్‌కు బొత్తాలు లేవు, ఆజ్ఞలను అక్షరాలా టైపు చేయాలి. ఏది ఎన్నుకొన్నా లోపలి క్రమం ఒకటే: ఏ చిత్రాలు, వాటికి ఏమి చేయాలి, ఫలితాన్ని ఎక్కడ ఉంచాలి. ఎక్స్‌ఎన్‌కన్వర్ట్ తెరమీది విభాగాలు కూడా ఇదే వరుసలో ఉండడం గమనించవచ్చు.

రెండవ ప్రశ్నకు చెప్పవలసిన సమాధానంలో కొన్ని అంశాలు ఉన్నవి. పొడవు వెడల్పుల నిష్పత్తి మారకుండా ఉంచమని గుర్తు పెట్టాలి. లేనిచో నిలువు చిత్రంలోని తాతగారు అడ్డంగా సాగి కనిపిస్తారు. "ఎక్కువ పొడవున్న వైపు 1,600 పిక్సెళ్లు" అని చెబితే అడ్డ చిత్రానికి, నిలువు చిత్రానికి ఒకే ఆజ్ఞ సరిపోతుంది. ఇప్పటికే చిన్నగా ఉన్న చిత్రాలను పెద్దవి చేయరాదని చెప్పే గుర్తును కూడా పెట్టాలి. ఇరవై ఏండ్ల నాటి ఫోన్‌తో తీసిన 640 పిక్సెళ్ల చిత్రాన్ని 1,600కు సాగదీస్తే బరువు పెరుగుతుంది, లేని వివరం పుట్టదు. కుదించిన తరువాత చిత్రం కొంచెం మెత్తబడినట్లు ఉంటుంది కాబట్టి స్వల్పంగా పదును పెట్టడం ఆచారం. అయితే పదును కుదింపు తరువాత రావాలి. ముందు పెడితే కుదింపులో అది కొట్టుకొనిపోతుంది.

రంగు విషయంలో ఒక చిక్కు ఉన్నది. కొన్ని కెమెరాలు అడోబ్ ఆర్‌జీబీ అనే విశాలమైన రంగుల పరిధిలో చిత్రాన్ని వ్రాస్తాయి. వెబ్ ప్రపంచం 1990 దశకం చివరి నుంచి ఎస్‌ఆర్‌జీబీ అనే పరిధిని ప్రమాణంగా పాటిస్తున్నది. మార్పిడి జరపకుండా, రంగుల వివరణను మాత్రం తొలగించి పంపితే కుంకుమ రంగు చీర వెలసినట్లు కనబడుతుంది. ఎగుమతి సమయంలో ఎస్‌ఆర్‌జీబీ అని ఎన్నుకొంటే ఈ ఇబ్బంది ఉండదు.

వెబ్‌పీ, ఏవిఫ్ అనే కొత్త ఫైలు రూపాలు జెపెగ్ కంటె తక్కువ చోటులో అదే నాణ్యతను ఇవ్వగలవు. బ్రౌజర్లు వీటిని చూపగలుగుతున్నవి. ఐనప్పటికీ ఇంటిలో పెద్దవారి పాత కంప్యూటర్‌లో సైతం తెరచుకొనేది జెపెగ్. కుటుంబ చిత్రాలకు అదే క్షేమం. ఆహ్వాన పత్రికలు, కరపత్రాలు వంటి అక్షరాలున్న వాటికి పీఎన్‌జీ రూపం మంచిది. జెపెగ్ తరంగాలు అక్షరాల పదునైన అంచుల చుట్టూ దుమ్ము పట్టినట్లు మరకలు వదులుతాయి.

పొడుగు ప్లాట్‌ఫారం, చిన్న ముఖాలు

బ్యాచ్ పద్ధతికి వేగం ఉన్నది, విచక్షణ లేదు. అన్ని చిత్రాలనూ ఒకే కొలతతో చూస్తుంది. ఇందుకు ఖరగ్‌పూర్ నుంచే రెండు ఉదాహరణలు తీసుకోవచ్చు.

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. చాలా కాలం ప్రపంచంలో అతి పొడవైనదిగా పేరు పొందినది. 2013లో ఆ స్థానం గోరఖ్‌పూర్‌కు, 2023లో హుబ్బళ్లికి మారినది. ఖరగ్‌పూర్ వారి అభిమానం మాత్రం మారలేదు. అంత పొడవును ఒకే చిత్రంలో పట్టాలని ఫోన్‌ను ఒక చివర నుంచి ఇంకొక చివరకు త్రిప్పుతూ తీస్తే అడ్డంగా 12,000, నిలువుగా 1,500 పిక్సెళ్ల చిత్రం వచ్చినదని అనుకొందాం. "ఎక్కువ వైపు 1,600" అన్న ఆజ్ఞ దీనికి కూడా వర్తిస్తే నిలువు కొలత 200 పిక్సెళ్లకు దిగిపోతుంది. ప్లాట్‌ఫారం అంతా ఒక రిబ్బను ముక్క అవుతుంది. మీద నిలబడినవారు చీమలవుతారు. ఇటువంటి వాటిని ముందే వేరు చేసి, నిలువు కొలతను బట్టి కుదించాలి.

రెండవ ఉదాహరణ ఇంతకంటె ముఖ్యమైనది. కర్మాగారపు బృంద చిత్రంలో మూడు వరుసలలో యాభై మంది ఉంటారు. పాత ప్రతిని మంచి నాణ్యతతో స్కాన్ చేసి అడ్డంగా 6,000 పిక్సెళ్లు రాబట్టితే, అందులో ఒక్కొక్క ముఖం 150 పిక్సెళ్ల వెడల్పున రావచ్చు. దానిని 1,200కు కుదిస్తే ముఖం 30 పిక్సెళ్లకు దిగుతుంది. ముఫ్ఫై పిక్సెళ్లలో మీసం ఉన్నదని తెలుస్తుంది. ఎవరి మీసమో తెలియదు. పైగా ఎనిమిది పిక్సెళ్ల గళ్లలోకి విడదీసే జెపెగ్ పద్ధతిలో ఆ ముఖానికి దక్కేది అడ్డంగా నాలుగు గళ్లు. వెనుక వరుసలో ఎడమ నుంచి ఏడవవారు తమ ముత్తాత అవునో కాదో తేల్చుకోవడానికే మనుమరాలు ఆ చిత్రాన్ని తెరచినప్పుడు, ఈ కుదింపు ఆమెకు ఏమీ మిగల్చలేదన్నమాట. బృంద చిత్రాలను 2,400 పిక్సెళ్ల వద్ద, నాణ్యత 85 వద్ద ఉంచడం అవసరం. ఫైలు బరువు ఒక మెగాబైటు దాటినా సందేహించనక్కరలేదు.

కాబట్టి ఆజ్ఞ ఇవ్వడానికి ముందు చిత్రాలను మూడు ఫోల్డర్లుగా పంచుకోవడం వివేకం: సాధారణమైనవి, బృంద చిత్రాలు, అసాధారణమైన పొడవు గలవి. పంచడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొంటే ఆ సాయంత్రమే పేర్లు కూడా దొరుకుతాయి.

పేరు, చిరునామా

బ్యాచ్ సాఫ్ట్‌వేర్లు ఫైళ్ల పేర్లను కూడా ఒకేసారి మార్చగలవు. సంవత్సరం, నెల, తేదీ, ఆ పిదప మూడంకెల క్రమసంఖ్య అనే వరుసలో పేరు పెడితే చిత్రాలు కాలక్రమంలో వాటంతట అవే నిలబడతాయి. క్రమసంఖ్య 1తో గాక 001తో మొదలు కావాలి. లేనిచో 2 కంటె ముందు 10 వచ్చి కూర్చొనే అవకాశం ఉన్నది. ఫైలు పేరు తెలుగు లిపిలో ఉండాలనే కోరిక న్యాయమైనదే. కాని వెబ్ చిరునామాలోకి వెళ్లినప్పుడు ఒక్కొక్క తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోతుంది. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు ఇంకొక సంకేతం కావడం వలన "తెలుగు" అనే మూడక్షరాల మాట చిరునామాలో 54 గుర్తులు ఆక్రమిస్తుంది. సందేశంలో అతికించినప్పుడు అది మధ్యలో తెగిపోవచ్చు. ఫైలుకు అంకెల పేరు పెట్టి, తెలుగును చిత్రం క్రింది వివరణలో నిండుగా వ్రాయడం మేలు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన పిల్లలలో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివారు ఉన్నారు. ఆ వివరణనే బెంగాలీలోను, హిందీలోను కూడా ఇస్తే చిత్రం వారికీ అందుతుంది, ఇరుగు పొరుగు వారికీ అందుతుంది. మాతాపూజ చిత్రాలలో ఆ ఇరుగు పొరుగు వారు కూడా ఉంటారు గదా.

కంటికి కనబడని చిరునామా ఒకటి ఫైలు లోపల కూడా ఉంటుంది. ఫోన్ తీసిన చిత్రంలో తీసిన తేదీ, కెమెరా వివరాలతో పాటు ఆ స్థలపు అక్షాంశ రేఖాంశాలు సైతం నమోదై ఉండవచ్చు. ఒంటరిగా ఉంటున్న వృద్ధుల ఇంటిలో తీసిన చిత్రాన్ని ఆ వివరంతో సహా బహిరంగంగా ఉంచడం ఇంటి గుమ్మాన్ని అపరిచితులకు చూపించడమే. ఎగుమతి సమయంలో స్థల సమాచారాన్ని తొలగించే గుర్తు దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లలోనూ ఉన్నది. అయితే అన్నిటినీ కట్టగట్టి తొలగిస్తే తేదీ కూడా పోతుంది; నిలువుగా పట్టుకొని తీసిన చిత్రాన్ని నిలువుగా చూపమనే సూచన కూడా పోయి, చిత్రం ప్రక్కకు పడుకొంటుంది. స్థల వివరాన్ని మాత్రమే తీసివేయాలి, లేదా చిత్రాన్ని ముందు సరైన దిశలోకి త్రిప్పి తరువాత తీసివేయాలి.

మూలం చెరగకుండా

ఇక మూడవ ప్రశ్న: ఫలితాన్ని ఎక్కడ ఉంచాలి? అన్నిటికంటె సులభంగా కనిపించే ఈ ప్రశ్న వద్దనే భర్తీ చేయలేని నష్టం జరుగుతుంది. ఇర్ఫాన్‌వ్యూలో ఫలితాన్ని ప్రస్తుత ఫోల్డర్‌లోనే ఉంచమని చెప్పే బొత్తం ఉన్నది. ఉన్న ఫైలు మీదనే వ్రాయమని చెప్పే గుర్తు ఉన్నది. మార్పిడి పిదప మూలాన్ని తొలగించమని చెప్పే గుర్తు కూడా ఉన్నది. తెలియక వీటిని పెట్టి ఆజ్ఞ ఇస్తే 4,000 పిక్సెళ్ల చిత్రాలున్న చోట 1,600 పిక్సెళ్ల చిత్రాలు నిలుస్తాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లోని మొగ్రిఫై అనే ఆజ్ఞ స్వభావమే అంత: వేరొక ఫోల్డర్ పేరు చెప్పనిచో మూల చిత్రం మీదనే వ్రాస్తుంది, ఒక ప్రశ్న కూడా అడగదు. ఆరు వందల చిత్రాలు కొన్ని నిమిషాలలో చిన్నవవుతాయి. వాటిని మరల పెద్దవి చేసే ఆజ్ఞ ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు. కృత్రిమ మేధ సాధనాలు ముఖాన్ని నున్నగా పూరించి ఇవ్వగలవు; కాని ఆ పూరించిన ముఖం ఊహించి గీసినది, ముత్తాతగారిది కాదు.

లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ వంటివి ఈ విషయంలో భిన్నమైనవి. అవి మూల చిత్రాన్ని ముట్టుకోవు; చేసిన మార్పులను విడిగా సూచనల రూపంలో వ్రాసుకొని, ఎగుమతి సమయంలో మాత్రమే కొత్త ప్రతిని తయారు చేస్తాయి. మిగిలిన వాటితో పనిచేసేవారు "మూలం", "వెబ్" అని రెండు వేర్వేరు ఫోల్డర్లు ఏర్పరచుకొని, మూలాన్ని వేరొక డిస్కులో ఒకసారి నకలు చేసిన తరువాతనే మొదటి ఆజ్ఞ ఇవ్వాలి. ఆ ఆజ్ఞను కూడా ముందు ఐదు చిత్రాల మీద పరీక్షించి, ఫలితాన్ని కంటితో చూసి, ఆ పిదప మొత్తానికి వర్తింపజేయాలి.

మెల్లగా జరిగే నష్టం ఇంకొకటి ఉన్నది. సందేశాలు పంపే యాప్‌లు చిత్రాన్ని తమంతట తామే కుదించి చేరవేస్తాయి. అందుకొన్నవారు దానిని మరొకరికి పంపుతారు. ఒకరు దానికి రంగు దిద్ది మరల జెపెగ్‌గా భద్రపరుస్తారు. ప్రతి భద్రపరచడంలో తరంగాలు మరికొన్ని రాలిపోతాయి. ఇంతలో మొదటి ఫోన్ పాడవుతుంది. ఇంటిల్లిపాది వద్దా ఆ చిత్రం ఉన్నదనే అనుకొంటారు, ఉన్నది మాత్రం నీడకు నీడ. మూల చిత్రాన్ని అలాగే చేరవేయాలంటే దానిని ఫొటోగా గాక డాక్యుమెంటుగా జతపరచి పంపవచ్చు.

కాగితపు చిత్రాల విషయంలో మూలం అంటే రెండు: కాగితం, దాని స్కాన్. నాలుగు అంగుళాలు, ఆరు అంగుళాల ప్రతిని అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 2,400, 3,600 పిక్సెళ్ల చిత్రం వస్తుంది. ఇక్కడ మాత్రం అంగుళానికి ఎన్ని చుక్కలన్నది నిజంగా లెక్కకు వస్తుంది, ఎందుకంటే ఎదుట కొలవదగిన కాగితం ఉన్నది. ఈ స్కాన్‌ను ఏ వివరాన్నీ వదలివేయని టిఫ్ రూపంలో భద్రపరచి, వెబ్ ప్రతిని దాని నుంచి తయారు చేసుకోవాలి. నలుపు తెలుపు చిత్రాన్ని సైతం రంగులలోనే స్కాన్ చేయడం మంచిది; పాతబడిన కాగితం పసుపు, సిరా మరక, స్టూడియో ముద్ర అందులో నిలుస్తాయి.

విద్యారంగంలో ఇటువంటి పని పెద్ద ఎత్తున జరిగిన చోటు కూడా ఖరగ్‌పూరే కావడం విశేషం. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన రాజకీయ ఖైదీల మీద కాల్పులు జరిగి సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించిన హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలోనే 1951లో దేశంలోని మొదటి ఐఐటీ పనిచేయడం ఆరంభించినది. ఆ సంస్థ రూపొందించిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం 2018 జూన్ 19న జాతికి అంకితమైనది. అక్కడ కూడా ఒక వస్తువు దొరకడానికి ఆధారం దానిని వర్ణిస్తూ వ్రాసిన వివరమే: ఏమిటి, ఎప్పటిది, ఎవరిది, ఏ భాషది. రైల్వే క్వార్టర్‌లోని ఇనుప పెట్టెకు కూడా ఆ నాలుగు ప్రశ్నలే వర్తిస్తాయి.

వాటికి సమాధానాలు చాలాసార్లు చిత్రం వెనుక వైపున ఉంటాయి. పెన్సిలుతో వ్రాసిన పేర్లు, తేదీ, ఊరు. వెనుక వైపును కూడా స్కాన్ చేసి, ముందు వైపు చిత్రానికి ఇచ్చిన క్రమసంఖ్యనే దానికీ ఇచ్చి, చివర ఒక అక్షరం చేర్చి మూలం ఫోల్డర్‌లో ఉంచాలి. వెబ్ ఫోల్డర్‌కు వెనుక వైపును పంపనక్కరలేదు; అక్కడ ఉన్న పేర్లను చదివి వివరణలో వ్రాస్తే చాలు. పెన్సిలు గీత వెలసిపోయి ఉంటే స్కాన్‌లో వెలుగు నీడల తేడాను పెంచి చూడవచ్చు, చాలాసార్లు అక్షరాలు తేలుతాయి. తేలని చోట ఆ చేతివ్రాతను గుర్తుపట్టగల వారిని అడగాలి.